పాత కోర్ ఐ5 2500కె ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయడం ఎలా? మొదటిసారి చేసేవారికి సమగ్ర మార్గదర్శి

ఇంట్లో ఇంకా నడుస్తున్న రెండో తరం ఇంటెల్ కంప్యూటర్‌ను ఓవర్‌క్లాక్ చేయాలంటే, అంటే ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగానికి మించి నడపాలంటే, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి అని పాఠకులు తరచూ అడుగుతున్నారు. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో) ఏ అంకె మార్చాలో చెప్పడం తేలిక. మార్చేముందు ఏవి సరిచూసుకోవాలి, మార్చాక ఎలా పరీక్షించాలి అన్నదే అసలు పని. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే ఇచ్చాను.

ఉదాహరణగా 2011 జనవరిలో వచ్చిన కోర్ ఐ5 2500కెను తీసుకుంటున్నాను. కోర్ ఐ7 2600కెకూ ఇదే పద్ధతి. మన లక్ష్యం 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్. అంతకు మించి వెళ్లే చిప్‌లు చాలా ఉన్నాయి. కానీ మన ఎండల్లో, పదేళ్లు దాటిన మదర్‌బోర్డు మీద, రోజూ పని చేసుకునే యంత్రానికి ఆ చివరి 200 మెగాహెర్ట్జ్ కోసం పాకులాడటం తగదని నా గట్టి అభిప్రాయం.

## 1. మీ కంప్యూటర్ ఇందుకు పనికొస్తుందా?

రెండు షరతులు ఉన్నాయి. ప్రాసెసర్ పేరు చివర 'కె' ఉండాలి. మదర్‌బోర్డు చిప్‌సెట్ పీ67, జెడ్68, జెడ్75, జెడ్77లలో ఒకటై ఉండాలి. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే మొదటి ట్యాబ్‌లో ప్రాసెసర్ పేరు, మెయిన్‌బోర్డ్ ట్యాబ్‌లో చిప్‌సెట్ పేరు కనిపిస్తాయి.

మన దగ్గర అసెంబుల్ చేసిన కంప్యూటర్లలో హెచ్61 బోర్డులు తరచూ కనిపిస్తాయి. వాటిలో 2500కె బిగించినా మల్టిప్లయర్ (100 మెగాహెర్ట్జ్ మూల గడియారానికి ఎన్ని రెట్ల వేగంతో ప్రాసెసర్ నడవాలో చెప్పే అంకె) పెరగదు. బోర్డు మార్చకుండా దీనికి దారి లేదు.

'కె' లేని ఐ5, ఐ7లను కూడా పై చిప్‌సెట్ల మీద టర్బో వేగానికి (ప్రాసెసర్ అవసరాన్ని బట్టి తనంతట తాను అందుకునే వేగానికి) నాలుగు మెట్లు, అంటే 400 మెగాహెర్ట్జ్ పైకి తీసుకెళ్లవచ్చు. ఐ3లో టర్బో లేదు కాబట్టి ఆ వెసులుబాటూ లేదు.

సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లో పాత పీ67 బోర్డు కొంటుంటే చిప్‌సెట్ రివిజన్ బీ3 అవునో కాదో అడగండి. మొదట్లో వచ్చిన బీ2 రివిజన్‌లో డిస్కులను తగిలించే 3 జీబీపీఎస్ సాటా పోర్టులు కాలక్రమేణా చెడిపోయే లోపం ఉండటంతో ఇంటెల్ 2011లోనే వాటిని వెనక్కి పిలిచింది. అలాంటి బోర్డే చేతిలో ఉంటే డిస్కులను 6 జీబీపీఎస్ పోర్టులు రెండింటికే తగిలించండి.

## 2. ఎంత లాభం, ఎంత భారం?

2500కె మూల వేగం 3.3 గిగాహెర్ట్జ్. డబ్బా మీద టర్బో 3.7 అని ఉన్నా, అది ఒక్క కోర్ పనిచేసేటప్పటి మాట. నాలుగు కోర్లూ పనిలో ఉంటే నడిచేది 3.4 దగ్గరే. నాలుగింటినీ 4.4కు తెస్తే వేగం దాదాపు 29 శాతం పెరుగుతుంది. వీడియో ఎన్‌కోడింగ్, ప్రోగ్రామ్ కంపైలింగ్ వంటి పనుల్లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు మీద ఆధారపడే ఆటల్లో అంతగా తెలియదు.

ఇక భారం సంగతి. ప్రాసెసర్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్ వర్గం (స్క్వేర్)తోనూ పెరుగుతుంది. 3.4 గిగాహెర్ట్జ్, 1.20 వోల్టుల నుంచి 4.4 గిగాహెర్ట్జ్, 1.30 వోల్టులకు వెళ్తే వేడి సుమారు 50 శాతం ఎక్కువవుతుంది. 29 శాతం వేగానికి 50 శాతం వేడి. ఇక మీద ప్రతి నిర్ణయంలోనూ ఈ లెక్కను గుర్తుంచుకోండి.

కంప్యూటర్‌లో ఇంకా పాత హార్డ్ డిస్క్ మీదే విండోస్ నడుస్తుంటే ఓవర్‌క్లాకింగ్ ఆపి ముందు ఎస్‌ఎస్‌డీ కొనండి. 4 జీబీ ర్యామ్ ఉంటే దాన్ని 8కి పెంచండి. ఆ రెండూ లేకుండా ప్రాసెసర్ వేగం పెంచినా కంప్యూటర్ ఆలస్యంగానే తెరుచుకుంటుంది.

## 3. క్యాబినెట్ తెరిచి చేయాల్సిన పనులు

తొందరపడేవారు వదిలేసే భాగం ఇదే. పాత యంత్రం విషయంలో సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది.

దుమ్ము. ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, పక్క పలక విప్పండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి. గాలికి ఫ్యాన్ విపరీతంగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) లోపలి దుమ్మును బయటినుంచే ఊదండి, దాన్ని విప్పవద్దు.

కూలర్. ప్రాసెసర్‌తో పాటు వచ్చిన ఇంటెల్ కూలర్‌తో ఓవర్‌క్లాక్ చేయవద్దు. దాన్ని బోర్డుకు పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ పిన్నులు ఇన్నేళ్లలో వదులై ఉంటాయి. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ చాలు, నీటి కూలర్ అవసరం లేదు. ఎల్‌జీఏ 1155 సాకెట్ చుట్టూ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు. 1150, 1151, 1200 సాకెట్లకూ దూరం అదే కాబట్టి వాటికి అమ్మే కూలర్లు దీనికీ సరిపోతాయి. టవర్ కూలర్లు తరచూ 150-160 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి. కొనేముందు బోర్డు నుంచి పక్క పలక దాకా ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలవండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాత కూలర్ గాలిని కిందికి ఊదేది. ఆ గాలికి సాకెట్ పక్కనున్న వోల్టేజ్ రెగ్యులేటర్లు (ప్రాసెసర్‌కు తగిన వోల్టేజ్ అందించే భాగాలు) కూడా చల్లబడేవి. టవర్ కూలర్ గాలిని అడ్డంగా పంపుతుంది కాబట్టి వాటికి ఆ గాలి అందదు. క్యాబినెట్ వెనుక ఒక ఫ్యాన్ తప్పనిసరి, ముందు మరొకటి ఉంటే మంచిది. రెగ్యులేటర్ల మీద హీట్‌సింక్ లేని చవక బోర్డయితే 4.2 దగ్గరే ఆగండి.

థర్మల్ పేస్ట్. ప్రాసెసర్ వేడి కూలర్‌కు చేరేలా రెండింటి మధ్య పూసేది ఇదే. పాతది ఎండి గట్టిపడి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పీచు రాలని గుడ్డతో పూర్తిగా తుడవండి. కొత్త పేస్ట్ ప్రాసెసర్ మధ్యలో శనగగింజ కన్నా చిన్న బొట్టు చాలు. కూలర్ బిగించేటప్పుడు మరలను మూలకు మూలగా, కొంచెం కొంచెంగా తిప్పండి.

ఎస్‌ఎంపీఎస్. పేరు తెలియని ఎస్‌ఎంపీఎస్ మీద "450 వాట్లు" అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. భారం పడినప్పుడు 12 వోల్టుల లైను 11.4 కన్నా దిగకూడదు, 12.6 దాటకూడదు. దీన్ని మల్టీమీటర్‌తో కొలిస్తేనే ఖాయంగా తెలుస్తుంది. ఎస్‌ఎంపీఎస్ కంప్యూటర్ వయసుదే అయితే ఓవర్‌క్లాక్‌కు ముందే మార్చడం నయం.

బయోస్ బ్యాటరీ. బోర్డు మీద ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీని మార్చండి. అది చచ్చిపోతే స్విచ్ కట్టేసిన ప్రతిసారీ సెట్టింగులు పోతాయి, ఓవర్‌క్లాక్ నిలవలేదని మీరు పొరబడతారు.

మూత పెట్టేముందు సరిచూసుకోండి:

- కెపాసిటర్ల తలలు ఉబ్బలేదు, ద్రవం కారిన మరకలు లేవు (ఉంటే ఓవర్‌క్లాక్ ఆలోచన మానండి)
- ప్రాసెసర్ దగ్గరి 4 లేదా 8 పిన్నుల పవర్ కేబుల్ గట్టిగా కూర్చుంది
- కూలర్ ఫ్యాన్ వైరు 'సీపీయూ ఫ్యాన్' అని రాసిన చోటే ఉంది
- వెనుక ఫ్యాన్ గాలిని బయటికి తోస్తోంది
- బయోస్‌ను తుడిచే 'క్లియర్ సీమాస్' జంపర్ ఎక్కడుందో మాన్యువల్‌లో చూసి గుర్తుపెట్టుకున్నారు

## 4. ముందు కొలతలు, ముందు కాపీలు

స్థిరంగా లేని ప్రాసెసర్ తప్పు లెక్కలు చేస్తుంది. ఆ తప్పులు డిస్క్ మీదికి రాస్తే ఫొటోలు, పత్రాలు చెడిపోతాయి. కాబట్టి ముఖ్యమైనవన్నీ ముందు వేరే డిస్క్‌కు కాపీ చేయండి. వీలుంటే అసలు డిస్క్ కేబుల్ పీకేసి, ఏదైనా పాత హార్డ్ డిస్క్ మీద విండోస్ వేసి పరీక్షలన్నీ దానిమీదే చేయండి. కొంచెం శ్రమే, కానీ ఇంతకన్నా మంచి జాగ్రత్త మరొకటి లేదు.

తర్వాత ఏ మార్పూ చేయకుండానే యంత్రాన్ని పరీక్షించండి:

- మెమ్‌టెస్ట్86తో ర్యామ్‌ను కనీసం ఒక రాత్రి పరీక్షించాలి. ఒక్క తప్పు వచ్చినా ర్యామ్ సంగతి తేల్చుకున్నాకే ముందుకు వెళ్లాలి.
- ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసే ప్రైమ్95 ప్రోగ్రామ్‌లో 'స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ' పరీక్షను 30 నిమిషాలు నడపాలి. ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో ప్రోగ్రామ్‌లో నాలుగు కోర్ల గరిష్ఠ ఉష్ణోగ్రత చూడాలి.
- ఆ సమయంలో సీపీయూ-జెడ్ చూపే కోర్ వోల్టేజ్, గదిలోని ఉష్ణోగ్రత రాసుకోవాలి.
- ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ నడిపి వచ్చిన స్కోరు రాసుకోవాలి.

ఈ అంకెలన్నీ కాగితం మీద రాయండి. కంప్యూటర్ తెరుచుకోని రోజున అందులో దాచిన నోట్స్ అక్కరకు రావు.

మామూలు వేగంలోనే కోర్లు 75 డిగ్రీలు దాటుతుంటే మూడో భాగంలో చెప్పిన పనుల్లో ఏదో సరిగా జరగలేదు. కూలర్ విప్పి మళ్లీ బిగించండి.

## 5. బయోస్‌లో పునాది వేయడం

కంప్యూటర్ తెరుచుకుంటుండగా డిలీట్ కీ నొక్కుతూ ఉంటే బయోస్ వస్తుంది. కావలసిన పేజీని ఆసుస్ బోర్డుల్లో 'ఏఐ ట్వీకర్' అని, గిగాబైట్‌లో 'ఎంఐటీ' అని, ఏఎస్‌రాక్‌లో 'ఓసీ ట్వీకర్' అని పిలుస్తారు. ముందు డిఫాల్ట్ సెట్టింగులు ఎక్కించండి. తర్వాత డిస్కుల సాటా మోడ్ మునుపటిలాగే ఉందో లేదో చూడండి. అది మారితే విండోస్ తెరుచుకోదు, ఆ తప్పు ఓవర్‌క్లాక్ మీదికి పోతుంది.

తర్వాత ఈ వరుసలో:

1. బీసీఎల్‌కే (మూల గడియారం): 100 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచండి. ఈ తరంలో సాటా, పీసీఐ ఎక్స్‌ప్రెస్ గడియారాలు కూడా దానికే ముడిపడి ఉన్నాయి. కొద్ది శాతం పెంచినా డిస్క్ తప్పులు మొదలవుతాయి.
2. టర్బో: ఆన్‌లోనే ఉండాలి. చాలా బోర్డుల్లో పెంచిన మల్టిప్లయర్ టర్బో ద్వారానే అమలవుతుంది. దీన్ని ఆపేసి "ఎంత పెంచినా 3.3 దగ్గరే ఉంది" అని బాధపడేవారు ఎక్కువ.
3. మల్టిప్లయర్ విధానం: కోర్‌కు ఒకటి చొప్పున వద్దు, అన్ని కోర్లకూ ఒకటే ఎంచుకోండి.
4. పవర్ లిమిట్: 2500కె మామూలు పరిమితి 95 వాట్లు. దీన్ని 150 దాకా పెంచకపోతే భారం పడగానే వేగం పడిపోతుంది.
5. ర్యామ్: ప్రస్తుతానికి 1333 మెగాహెర్ట్జ్, 1.5 వోల్టులు. ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని అసలు వేగానికి మార్చే సెట్టింగ్) ఆపండి. 1.65 వోల్టులు అడిగే ర్యామ్‌ను ఈ ప్రాసెసర్‌తో వాడవద్దు.
6. వీసీసీఐఓ, పీఎల్‌ఎల్ వోల్టేజ్: 1.05, 1.8 వోల్టులు. వీటి జోలికి పోవద్దు. 'ఇంటర్నల్ పీఎల్‌ఎల్ ఓవర్‌వోల్టేజ్' ఆఫ్‌లో ఉంచండి. మన లక్ష్యానికి దాని అవసరం లేదు, పైగా కొన్ని బోర్డుల్లో అది స్లీప్ నుంచి లేవనివ్వదు.
7. లోడ్ లైన్ కాలిబ్రేషన్: మధ్యస్థంగా ఉంచండి. భారం పడినప్పుడు వోల్టేజ్ ఎంత దిగాలో ఇది నిర్ణయిస్తుంది. అంకెలతో ఉంటే మాన్యువల్ చూడండి. కొన్ని బోర్డుల్లో 1 అంటే అన్నిటికన్నా బలమైనది, కొన్నింటిలో బలహీనమైనది.

## 6. మల్టిప్లయర్, వోల్టేజ్: ఒక్కొక్క మెట్టు

నియమం ఒక్కటే. ఒకసారి ఒక్కటే మార్చండి, మార్చింది రాయండి, పరీక్షించండి. రెండు మార్పులు కలిపి చేస్తే కంప్యూటర్ ఆగిపోయినప్పుడు దేనివల్లో తెలియదు.

వోల్టేజ్‌ను 'ఆటో'లో వదలవద్దు. ఆటోలో చాలా బోర్డులు అవసరానికి మించి ఇస్తాయి. 'మాన్యువల్' ఎంచుకొని 1.20 వోల్టులు పెట్టండి. మల్టిప్లయర్ 38తో మొదలుపెట్టండి. అంటే 3.8 గిగాహెర్ట్జ్.

1. సేవ్ చేసి విండోస్‌లోకి వెళ్లండి. సీపీయూ-జెడ్‌లో వేగం, వోల్టేజ్ చూడండి.
2. స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీని 15 నిమిషాలు నడపండి.
3. తప్పు రాకుండా, 80 డిగ్రీలు దాటకుండా ఉంటే మల్టిప్లయర్ ఒకటి పెంచండి.
4. తప్పు వస్తే మల్టిప్లయర్ అలాగే ఉంచి వోల్టేజ్ 0.01 నుంచి 0.015 పెంచండి.
5. 80 డిగ్రీలు దాటితే అక్కడితో ఆగి ఒక మెట్టు దిగండి.

భారం మీద ఏ వేగానికి సాధారణంగా ఎంత వోల్టేజ్ పడుతుందంటే:

- 4.0 గిగాహెర్ట్జ్: 1.20 – 1.25
- 4.2 గిగాహెర్ట్జ్: 1.22 – 1.28
- 4.4 గిగాహెర్ట్జ్: 1.26 – 1.33

ఒకే పేరున్న రెండు చిప్‌లు ఒకేలా ఉండవు. స్నేహితుడి 2500కె 1.25 వోల్టులకే 4.4 అందుకుంటే, మీది 1.32 అడగవచ్చు. అతని అంకెలు తెచ్చి మీ బయోస్‌లో పెట్టడం సరైన పద్ధతి కాదు. రోజూ వాడే యంత్రానికి 1.35 వోల్టులు గీతగా పెట్టుకోండి. ఆ గీత దగ్గరికి వచ్చాక ఒక మెట్టు వేగం కోసం వోల్టేజ్ చాలా ఎక్కువ అడుగుతుంది, వేడి ఇంకా వేగంగా పెరుగుతుంది.

సాకెట్ ఒకటే కదా అని మూడో తరం ఐ5 3570కెకు ఈ వోల్టేజ్‌లు వాడవద్దు. రెండో తరంలో ప్రాసెసర్ లోహపు మూతను చిప్‌కు టంకంతో అతికించారు. మూడో తరంలో ఆ చోట పేస్ట్ వాడారు. అందుకే అది తక్కువ వోల్టేజ్‌కే త్వరగా వేడెక్కుతుంది. దానికి 1.25 దగ్గరే ఆగండి.

## 7. స్థిరంగా ఉందని ఎప్పుడు నమ్మాలి?

విండోస్ తెరుచుకున్నంత మాత్రాన కాదు. ఆట గంటసేపు ఆడినంత మాత్రాన కూడా కాదు. అనుకున్న వేగం దొరికాక ఇవన్నీ దాటాలి:

- ప్రైమ్95 స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ, 6 గంటలు. ఒక్క 'వర్కర్' (ఒక్కో కోర్ మీద నడిచే పరీక్ష) ఆగినా విఫలమైనట్టే.
- ప్రైమ్95 'బ్లెండ్', ఒక రాత్రి. ఇది ర్యామ్‌ను కూడా కలిపి పరీక్షిస్తుంది.
- సినీబెంచ్ స్కోరు ముందుకన్నా పెరగాలి. వేగం పెరిగినా స్కోరు పెరగకపోతే వేడి వల్లో పవర్ లిమిట్ వల్లో ప్రాసెసర్ తగ్గి నడుస్తోంది.
- విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 'డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్' పేరుతో 19వ నంబరు హెచ్చరికలు ఉన్నాయేమో చూడండి.

చివరి పరీక్షను చాలామంది చేయరు. ప్రాసెసర్ తనలో జరిగిన తప్పును తానే సరిదిద్దుకొని ముందుకు పోయినప్పుడు తెర మీద ఏమీ కనిపించదు, ఈ హెచ్చరిక మాత్రం నమోదవుతుంది. అది కనిపిస్తే వోల్టేజ్ ఇంకా 0.01 నుంచి 0.02 తక్కువైందని అర్థం. ప్రైమ్95 రాత్రంతా నడిచినా సరే, ఈ హెచ్చరిక ఉంటే పని పూర్తి కానట్టే.

## 8. ఎండాకాలం లెక్క

ప్రపంచమంతటికీ రాసిన ఓవర్‌క్లాకింగ్ సలహాలు మన ఇళ్లలో తప్పేది ఇక్కడే. గది ఒక డిగ్రీ వేడెక్కితే కోర్లు కూడా దాదాపు ఒక డిగ్రీ వేడెక్కుతాయి. డిసెంబరులో 24 డిగ్రీల గదిలో పరీక్షిస్తే కోర్ 68 చూపించిందనుకోండి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 38కి చేరితే అదే కోర్ 82కు వస్తుంది. ఈ ప్రాసెసర్ 98 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కానీ అక్కడిదాకా వెళ్లనివ్వకూడదు. వేడి పెరిగినకొద్దీ అదే వేగానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి కాబట్టి, శీతాకాలంలో నిలిచిన ఓవర్‌క్లాక్ వేసవిలో కూలిపోతుంది.

కాబట్టి ఇలా లెక్కవేయండి: పరీక్షలో వచ్చిన గరిష్ఠం, దానికి మీ గది వేసవి ఉష్ణోగ్రతకూ ఇప్పటి ఉష్ణోగ్రతకూ ఉన్న తేడా కలపండి. మొత్తం 80 దాటితే ఇప్పుడే ఒకటి రెండు మెట్లు దిగండి. లేదా బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు దాచుకోండి, వేసవికి 4.0, మిగతా కాలానికి 4.4. నేనైతే రెండో పద్ధతినే ఇష్టపడతాను. మారుస్తూ ఉండటానికి పట్టేది రెండు నిమిషాలే.

యూపీఎస్ కూడా చూసుకోండి. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్ల వరకే భరిస్తాయి. ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కలిసి ఆ హద్దు దాటితే కరెంటు పోయిన క్షణంలోనే కంప్యూటర్ కూడా ఆగిపోతుంది.

## 9. చిక్కులు, పరిష్కారాలు

తెర నల్లగా ఉంది, ఏమీ రావడం లేదు. ప్లగ్ తీసి, బిళ్ల బ్యాటరీ ఐదు నిమిషాలు బయట ఉంచండి, లేదా జంపర్‌తో బయోస్ తుడవండి. సెట్టింగులు మొదటికి వస్తాయి. కాగితం చూసి చివరిగా నిలిచిన మెట్టు నుంచి మొదలుపెట్టండి.

124 లేదా 101తో ముగిసే కోడ్‌తో బ్లూ స్క్రీన్. చాలాసార్లు కోర్ వోల్టేజ్ తక్కువైనట్టు. 0.01 పెంచండి. రెండుమూడుసార్లు పెంచినా పోకపోతే మల్టిప్లయర్ తగ్గించండి.

1ఏ లేదా 50తో ముగిసే కోడ్. ముందు ర్యామ్‌ను అనుమానించండి. మెమ్‌టెస్ట్86 మళ్లీ నడపండి.

బ్లూ స్క్రీన్ లేకుండా స్విచ్ కట్టేసినట్టు ఆగిపోతోంది. ఎస్‌ఎంపీఎస్ లేదా వోల్టేజ్ రెగ్యులేటర్ల వేడి. ప్రాసెసర్ వోల్టేజ్ పెంచితే ఇది ఇంకా ముదురుతుంది.

భారం మీద బాగుంది, ఖాళీగా ఉన్నప్పుడు హ్యాంగ్ అవుతోంది. ఆఫ్‌సెట్ విధానం (ప్రాసెసర్ తనంతట తాను అడిగే వోల్టేజ్‌కు కొంత కలిపేది, పదో భాగం చూడండి) వాడుతుంటే ఖాళీ వేళ వోల్టేజ్ మరీ దిగిపోతోంది. ఆఫ్‌సెట్ ఒక మెట్టు పెంచి, లోడ్ లైన్ కాలిబ్రేషన్ ఒక మెట్టు తగ్గించండి.

ఒక కోర్ మాత్రం మిగతావాటికన్నా 10 డిగ్రీలకు పైగా వేడి. కూలర్ ఒకపక్క సరిగా ఆనలేదు. విప్పి, తుడిచి, కొత్త పేస్ట్‌తో మళ్లీ బిగించండి.

## 10. చివరి సర్దుబాట్లు

మాన్యువల్ వోల్టేజ్‌తో ఒక లోపం ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు వేగం 1.6 గిగాహెర్ట్జ్‌కు దిగినా వోల్టేజ్ పైనే ఉంటుంది. అన్ని పరీక్షలూ పూర్తయ్యాక 'ఆఫ్‌సెట్' విధానానికి మారండి. ప్లస్ 0.005తో మొదలుపెట్టి, భారం మీద సీపీయూ-జెడ్ చూపే వోల్టేజ్ మీ కాగితం మీది అంకెకు సరిపోయేదాకా కొంచెం కొంచెంగా మార్చండి. ఖాళీ వేళ ప్రాసెసర్ వాడకాన్ని తగ్గించే స్పీడ్‌స్టెప్, సీ1ఈ సెట్టింగులను ఆన్‌లో ఉంచండి. వాటిని ఆపితే వేగం పెరగదు, కరెంటు బిల్లు పెరుగుతుంది.

తర్వాతే ర్యామ్‌ను దాని అసలు వేగానికి మార్చి, బ్లెండ్ మరో రాత్రి నడపండి. స్లీప్‌లోకి పంపి లేపడం, పూర్తిగా కట్టేసి గంట తర్వాత ఆన్ చేయడం, ఈ రెండూ కొన్నిసార్లు చేసి చూడండి. అన్నీ నిలిచాక బయోస్ ప్రొఫైల్ సేవ్ చేసి, ఆ పేజీలను ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి.

## 11. తర్వాతి నెలల్లో

- నెలకోసారి ఈవెంట్ వ్యూయర్‌లో 19వ నంబరు హెచ్చరికలు చూడండి
- మూడు నెలలకోసారి దుమ్ము ఊదండి
- మార్చి చివర్లో, ఎండలు ముదరకముందే, 30 నిమిషాల ప్రైమ్95తో ఉష్ణోగ్రత చూడండి
- బయోస్ అప్‌డేట్ చేస్తే ప్రొఫైళ్లు చెరిగిపోవచ్చు, ఫొటోలు చూసి మళ్లీ పెట్టుకోండి

నిలకడగా నడిచిన ఓవర్‌క్లాక్ ఏడాదికో రెండేళ్లకో మళ్లీ బ్లూ స్క్రీన్లు ఇవ్వడం మొదలుపెడితే ముందు దుమ్ము, పేస్ట్, ఎస్‌ఎంపీఎస్ చూడండి. అవన్నీ బాగుంటే చిప్పో బోర్డో కొంత అరిగినట్టు. అప్పుడు వోల్టేజ్ పెంచి పాత వేగాన్ని పట్టుకోవాలని చూడకండి. మల్టిప్లయర్ ఒకటి తగ్గించి, ఏడో భాగంలోని పరీక్షలు మళ్లీ నడపండి.